41 రోజులు మానగలిగిన మనిషి: గుట్కా, నిగ్రహం, అనాత్మ – ఒక కేస్ స్టడీ

నేను అనంతపురంలో క్లినికల్ సైకాలజిస్ట్‌గా పని చేస్తున్నాను. ఇది గుట్కా మానలేక నా దగ్గరకు వచ్చిన ఒకాయన కేసు. దీన్ని రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. వ్యసనాలతో వచ్చేవాళ్ల నోట ‘కంట్రోల్’ అన్న మాట రోజూ వింటూనే ఉంటాం. ఆ కంట్రోల్ ఎక్కడుంటుంది, ఎవరి చేతిలో ఉంటుంది అన్న ప్రశ్నను ఈ కేసు సూటిగా ముందుకు తెచ్చింది. ఇక్కడ అది చర్చ కోసం వచ్చిన ప్రశ్న కాదు. గుట్కా మానడం, మానకపోవడం దాని మీదే ఆధారపడి ఉంది.

నేపథ్యం

ఆయనకు నలభై దాటాయి. తాడిపత్రి వైపు ఒక బండల పాలిష్ యూనిట్‌లో లెక్కలు, లోడింగ్ చూస్తారు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. మందు అలవాటు లేదు. గుట్కా మాత్రం పదిహేనేళ్లకు పైగా ఉంది. నిషేధం వచ్చాక కూడా ఆగలేదు. పాన్ మసాలా ఒక ప్యాకెట్, పొగాకు ఒక ప్యాకెట్ విడిగా కొని అరచేతిలో కలుపుకొని వేసుకోవడమే. రోజుకు పది పన్నెండు సార్లు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది పడాలి. ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది కానీ, నికోటిన్ మీద ఎంతగా ఆధారపడ్డారో తెలుసుకోవడానికి మేము అడిగే ప్రశ్నల్లో ఇదే ముఖ్యమైనది.

సమస్య

పంటి డాక్టర్ నా దగ్గరకు పంపారు. నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. సంగటిలోకి కారం తగిలితే నోరంతా మంట. బుగ్గ లోపల తెల్ల మచ్చ ఉంది. బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది. నోరు బిగుసుకుపోవడాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. దానికి కారణం పొగాకు కంటే ముఖ్యంగా వక్క. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. పొగాకు లేకుండా, వక్క ఉన్న ఉత్త పాన్ మసాలా వేసుకుంటే ఫర్వాలేదని ఇక్కడ చాలామంది అనుకుంటారు, ఆయనా అలాగే అనుకుంటున్నారు. మొదటి రోజే సరిదిద్దిన విషయం ఇది.

మొదటిసారి కూర్చున్నప్పుడు ఆయన అన్న మాట: “నా మనసు నా మాట ఇనదు మేడం. భయం ఉంది, పిల్లోళ్లు ఉన్నారు, అన్నీ తెలుసు. అయినా చెయ్యి జేబులోకి పోతాంది.”

దీనితో పాటు ఇంకో విషయం ఉంది. కొన్ని నెలలుగా రాత్రిపూట ఫోన్‌లో బౌద్ధం మీద ప్రసంగాలు వింటున్నారు. అందులో ఒక మాట ఆయనకు బాగా పట్టుకుంది. “‘నేను’ అనేదే లేదంట కదా మేడం. నేనే లేనప్పుడు ఎవురు మానాల?” తప్పించుకోవడానికి అన్నమాట కాదిది. ఏళ్ల తరబడి తనను తాను తిట్టుకుని అలసిపోయిన మనిషికి ఆ మాట ఊరటనిచ్చింది. అయితే ఆయన భార్య చెప్పింది వేరు. ఆ ప్రసంగాలు మొదలైనప్పటి నుంచి ప్యాకెట్లు పెరిగాయని ఆమె ఖాళీ కవర్లు లెక్కపెట్టి మరీ చెప్పారు.

అంతకుముందు చేసి చూసినవి

నా దగ్గరకు వచ్చేలోపు ఆయన చేయనిది లేదు. పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశారు. కసాపురం ఆంజనేయస్వామి దగ్గర మొక్కుకున్నారు. ఒట్టు కొన్నాళ్లు నిలబడేది. ఒక్క ప్యాకెట్‌తో పోయేది. పోయాక మామూలు కంటే ఎక్కువ తినేవారు. ఇది ఆయన ఒక్కరి బలహీనత కాదు. పూర్తిగా మానాలని పట్టుబట్టిన వాళ్లు ఒక్కసారి తప్పగానే ‘అంతా అయిపోయింది, నేనింతే’ అనుకుని పూర్తిగా జారిపోవడాన్ని అలన్ మార్లాట్ అనే సైకాలజిస్ట్ 1980లలో వివరంగా రాశారు. తప్పిన ఆ ఒక్క ప్యాకెట్ కంటే, దాని నుంచి తన గురించి తాను చేసే తీర్మానమే ఎక్కువ నష్టం చేస్తుంది. పిల్లల మీద వేసిన ఒట్టు అయితే ఆ తీర్మానం మరీ క్రూరంగా ఉంటుంది.

రోజుకు ఒకటి చొప్పున తగ్గించడమూ చూశారు. అప్పుడు ప్రతి ప్యాకెట్ దగ్గరా ‘ఇప్పుడా, తర్వాతా’ అన్న బేరం మొదలైంది. రోజంతా గుట్కా గురించే ఆలోచన. అసలు గుర్తు చేసుకోకూడదనుకుంటే ఇంకా గుర్తొచ్చేది. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెబితే మనుషులు దాని గురించే ఎలా ఆలోచిస్తారో డేనియల్ వెగ్నర్ 1987లో చూపించారు, ఇదీ అదే.

నేను మొదట పెట్టిన ప్లాన్ మామూలుదే. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు తినాలనిపించిందో ఒక నోటు బుక్కులో రాయడం. దానికి ముందే ఒక జవాబు సిద్ధం చేసుకోవడం: టీ కొట్టు దగ్గరకు వెళ్తే సోంపు వేసుకోవాలి, అలాంటివి. రాసుకొచ్చారు, కానీ ప్రతి వరస చివరా ‘మళ్లీ ఓడిపోయినా’ అని ఉంది. పుస్తకం ఆయన మీద ఆయనే పెట్టుకున్న నేరాల పట్టీగా మారింది. పుస్తకాన్ని ఆపేయాలా, మార్చాలా అని ఆలోచించాను. సమాచారం మాత్రం నిజంగా విలువైనది. అందుకే ఆపలేదు. ‘గెలుపు, ఓటమి’ రాసే చోటు తీసేసి, దాని బదులు ‘దానికి ముందు ఏం జరిగింది’ అన్న గడి పెట్టాం.

‘నేను లేను’ అన్న మాటను ఏం చేయాలి

ఇక్కడ నేను కాసేపు ఆగి ఆలోచించాల్సి వచ్చింది. తత్వం మన పని కాదు, వదిలేద్దాం అనుకోవచ్చు. కానీ ఆయన నోటు బుక్కులో ఆ మాట ప్యాకెట్ చింపే ముందు క్షణంలోనే వస్తోంది. అనుమతి ఇచ్చే ఆలోచన అది. దాన్ని తాకకుండా ఈ కేసు ముందుకు పోదు. అలాగని ఆ మాట తప్పని కొట్టిపారేయడమూ సరికాదనిపించింది. ఆయన విన్నదానిలో సగం నిజం ఉంది, ఆ సగమే ఆయనకు పనికొచ్చేది.

బుద్ధుడు వారణాసి దగ్గర ఇసిపతనంలో ఐదుగురు భిక్షువులకు చెప్పిన రెండో ప్రసంగమే అనత్తలక్ఖణ సుత్తం. అనత్త అంటే అనాత్మ, ఆయన విన్న ‘నేను లేను’ అన్న బోధ ఇదే. అందులో వాదం చాలా ఆచరణాత్మకంగా ఉంటుంది. ఈ శరీరం నిజంగా ‘నేను’ అయితే, ‘ఇలా ఉండు, అలా ఉండకు’ అని చెబితే వినాలి. వినదు. అనుభూతి వినదు, గుర్తుపట్టడం వినదు, లోపల పుట్టే ప్రేరణలు వినవు, తెలివిడీ వినదు. కాబట్టి ఇవేవీ నావి కావు, నేను కాను, నా ఆత్మ కావు. మనిషిని విడదీసి చూస్తే కనిపించే రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు స్కంధాలు, అంటే ఐదు భాగాలు, ఇవే.

ఇది చదివి వినిపించి, మొదటి రోజు ఆయన అన్న మాటనే గుర్తు చేశాను. ‘నా మనసు నా మాట వినదు.’ పదిహేనేళ్లుగా ఆయన దాన్ని తన చేతకానితనంగా చూస్తున్నారు. ఈ సుత్తం ప్రకారం అది ఏ మనిషికైనా ఉండే స్థితి. ఆజ్ఞ వేస్తే కోరిక పోదు, ఎవరికీ పోదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే నాది ఒక్కడిదే కాదన్నమాట” అన్నారు.

మిగతా సగం కూడా చెప్పాలి, అక్కడే ఆపితే ప్రమాదం. బుద్ధుడి ప్రసంగాల సంకలనాల్లో ఒకటైన అంగుత్తర నికాయంలో అత్తకారి సుత్తం ఉంది. ఒక బ్రాహ్మణుడు బుద్ధుడి దగ్గరకు వచ్చి, తనంతట తాను చేసేవాడూ లేడు, ఇంకొకడు చేయించేవాడూ లేడు అంటాడు. బుద్ధుడు ఒప్పుకోడు. నీ కాళ్ల మీద నువ్వు నడిచి వచ్చి, నడిచి వెళ్తూ ఆ మాట ఎలా అంటావని అడుగుతాడు. పని మొదలుపెట్టే శక్తి ఒకటి ఉందా లేదా అని అడిగి, ఉందనిపిస్తాడు. అనాత్మ చెప్పినవాడే ప్రయత్నాన్ని కాదనలేదు. లోపల సింహాసనం మీద కూర్చుని శాసించే ‘నేను’ లేడు, కానీ కారణాలున్నాయి, వాటిని మార్చే పని ఉంది. ఎవరు మానాలి అన్న ప్రశ్నకు బదులు, ఏవి మారితే మానడం జరుగుతుంది అన్న ప్రశ్న పెట్టుకుందాం అన్నాను.

ఆయన దీనికి అడ్డు చెప్పారు, అది మంచి అభ్యంతరం. “నేను అయ్యప్ప భక్తుణ్ణి మేడం. శబరిమలలో గుడి ముందర ‘తత్త్వమసి’ అని రాసి ఉంటుంది. మీరేమో ఆత్మే లేదంటాండారు.” ఆత్మ ఉందో లేదో తేల్చడం నా పని కాదని స్పష్టంగా చెప్పాను. ఆయన భక్తిని కదిలించే హక్కు నాకు లేదు, ఆ అవసరమూ లేదు. రెండు దారులూ ఒప్పుకునే మాట ఒకటుంది: దవడ దగ్గర లాగే ఆ కోరిక మీరు కాదు. మనకు అది చాలు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు అక్కడి బండల మీద తన శాసనాలు చెక్కించాడు. వాటిలో ఏడోది, అన్ని మతాలవాళ్లూ అన్నిచోట్లా ఉండాలని కోరుతుంది. ఎందుకంటే అందరూ కోరుకునేది సంయమం, భావశుద్ధి. ఆ దారిలో ఎన్నోసార్లు లోడ్లతో వెళ్లిన మనిషికి ఈ విషయం తెలియదు. తన దేవుణ్ణి వదలకుండానే ఈ పని చేయవచ్చని ఆయనకు కుదురు చిక్కింది ఆ రోజే అనుకుంటాను.

మాల

అయ్యప్ప మాట వచ్చింది కాబట్టి మాల గురించి అడిగాను. ఏటా వేసుకుంటారట. ఆ 41 రోజులూ గుట్కా ముట్టరట. ఒక్కసారి కూడా.

ఈ కేసులో అన్నిటికంటే విలువైన సమాచారం ఇదే. కంట్రోల్ లేదని చెప్పుకునే మనిషి ఏటా ఆరు వారాల పాటు పూర్తి కంట్రోల్‌లో ఉంటున్నాడు. దీన్ని ఆయన లెక్కలోకే తీసుకోలేదు. అప్పుడు ఎలా సాధ్యమైందని అడిగితే, “అప్పుడు నేను కాదు కదా మేడం, స్వామి” అన్నారు.

నికోటిన్ మానినప్పుడు వచ్చే చిరాకు, నిద్రలేమి, తహతహ మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ముదిరి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతాయి. అంటే మాల తీసే నాటికి ఆయన ఒంట్లో ఆ బాధ లేదు. అయినా మాల తీసి ఇంటికొచ్చి, పనిలోకి వెళ్లిన మొదటి రోజే మళ్లీ మొదలవుతోంది. కాబట్టి ఆయన్ని వెనక్కి లాగుతున్నది ఒంట్లోని నికోటిన్ కొరత ఒక్కటే కాదు. చుట్టూ ఉన్న కారణాలు తిరిగి రావడం.

మాలలో ఏమేం మారతాయో ఇద్దరం కూర్చుని రాశాం. తెల్లవారుజామున లేవగానే చన్నీళ్ల స్నానం, అప్పుడు మొదటి ప్యాకెట్‌కు చోటే ఉండదు. టీ కొట్టు దగ్గర నిలబడరు. ఇంటి నుంచో, గుడి దగ్గరో భిక్ష. సాయంత్రం భజన, అదే లోడింగ్ ముగిసి అందరూ ప్యాకెట్లు చింపే సమయం. నల్ల బట్టల్లో ఉన్నవాడికి ఎవరూ ‘వేసుకో అన్నా’ అని చెయ్యి చాపరు. కొట్టువాడే ఇవ్వడు. అందరూ పిలిచే పేరు కూడా ఒకటే, స్వామి. లోపల గట్టి మనసు ఒకటి కొత్తగా పుట్టుకొచ్చిందేమీ లేదు. కారణాలన్నీ ఒకేసారి మారాయి, నిగ్రహం దానంతట అది వచ్చింది. కారణాలు తీసేశాక అది పోయింది. అనాత్మ అంటే ఏమిటో ఆయన జీవితంలోనే ఏటా జరుగుతోంది. ఇది నేను చెప్పేలోపే ఆయన అందుకున్నారు.

ఏం చేశాం

మాల లేకుండా ఆ జాబితాలో వేటిని నిలబెట్టగలం అన్నది తర్వాతి పని. లేవగానే స్నానం, వేరే ఏ పనీ ముందు లేదు. టీ ఫ్లాస్కులో ఇంటి నుంచి. లోడింగ్ ముగిసే వేళ ఆయన చూసే లెక్కల పని పెట్టుకున్నారు, గుమిగూడే చోటు తప్పింది. కొట్టు ఉన్న దారి మాని ఇంకో దారి. తోటివాళ్లలో మాల వేసే ఒకాయనకు విషయం చెప్పి, ఎవరూ చెయ్యి చాపకుండా చూడమన్నారు. చివరిది ఆయనకు అన్నిటికంటే కష్టమైంది, చెప్పుకోవడం నామోషీ అనిపించింది. ఫలితం మాత్రం దానిదే ఎక్కువ.

మందుల విషయంలో సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపాను. నికోటిన్ గమ్ మామూలుగా మొదట గుర్తొచ్చేది. కానీ నోరు బిగుసుకున్న మనిషి, నోట్లో ఏదో ఒకటి నములుతూ ఉండే అలవాటే ఉన్న మనిషి. పంటి డాక్టర్, సైకియాట్రిస్ట్ ఇద్దరూ ఒంటి మీద అంటించుకునే నికోటిన్ ప్యాచ్ వైపే మొగ్గారు. కారణాలను మార్చాలంటున్నప్పుడు ఒంట్లోని నికోటిన్ కొరత కూడా ఒక కారణమే. దాన్ని మనోబలంతో మాత్రమే ఎదుర్కోవాలనడంలో గొప్పతనం ఏమీ లేదు.

మిగిలింది కోరిక వచ్చినప్పుడు చూసే సాధన. ఐదు స్కంధాలను ఇక్కడ పనిముట్లుగా వాడుకున్నాం. నా గదిలోనే ఖాళీ ప్యాకెట్ ఒకటి చేతికిచ్చి, జరిగేది జరుగుతున్నట్టే చెప్పమన్నాను. దవడల కింద లాగడం, నోట్లో నీళ్లు ఊరడం: రూపం. హాయి కావాలన్న ఒక రకం వెలితి: వేదన. కొట్టులో వేలాడే మెరుపు సరాలు చూడగానే ‘అదే’ అని పట్టుకోవడం: సంజ్ఞ. చెయ్యి జేబు వైపు పోవడం, ‘ఒక్కటే కదా’ అన్న మాట: సంస్కారాలు. ఇదంతా తెలుస్తూ ఉండటం: విజ్ఞానం. విడదీసి చూస్తే ‘నాకు కావాలి’ అన్న ముద్దలో నుంచి ‘నాకు’ అన్నది ఎక్కడా దొరకదు. ఆపవద్దు, తరమవద్దు, చూడండి అన్నాను. మార్లాట్ కూడా కోరిక పెరిగి తగ్గేదాకా దానితో ఉండటాన్నే నేర్పించేవారు. కొన్ని నిమిషాల్లో అది సన్నబడింది. “నేను పంపకుండానే పోయింది మేడం” అన్నారు ఆశ్చర్యంగా.

పళ్లు బిగబట్టి ఆపుకోవడం గురించి ఒక మాట. మజ్ఝిమ నికాయంలోని వితక్కసంఠాన సుత్తం చెడు ఆలోచనలను తొలగించడానికి ఐదు పద్ధతులు చెబుతుంది. వడ్రంగి చిన్న మేకుతో పెద్ద మేకును కొట్టి తీసినట్టు మంచి ఆలోచనతో చెడ్డదాన్ని తప్పించడం మొదటిది. తర్వాత దాని వల్ల వచ్చే కీడు చూడటం, దాన్ని పట్టించుకోకపోవడం, అది ఎక్కడి నుంచి పుడుతోందో చూసి మెల్లగా శాంతపరచడం. పళ్లు బిగించి మనసుతో మనసును అణచడం చిట్టచివరిది, మిగతావేవీ పని చేయనప్పుడు. ఆయన ఇన్నేళ్లూ చివరిదాన్నే మొదట వాడుతున్నారు. ఆ పద్ధతి తప్పని కాదు, వరస తప్పింది.

తప్పిన రోజు

కొన్ని వారాలు బాగా గడిచాక బంధువుల పెళ్లిలో తిన్నారు. రెండుసార్లు. మర్నాడు పొద్దున ఫోన్ చేశారు. గొంతులో పాత మాటే: నేనింతే.

ఇలాంటప్పుడు మళ్లీ ప్రతిజ్ఞ చేయించాలని చాలామందికి అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లూ అదే కోరారు. నేను వద్దన్నాను. కొత్త ఒట్టు లోపల శాసించే ఆ ‘నేను’నే మళ్లీ సింహాసనం మీద కూర్చోబెడుతుంది. సల్ల సుత్తంలో రెండు బాణాల సంగతి ఉంది. ఒక బాణం తగిలిన బాధ ఉంటుంది. ఏడ్చి గుండెలు బాదుకుంటే రెండో బాణం కూడా దిగుతుంది. గుట్కా తిన్నది మొదటి బాణం. ‘నేనింతే’ అన్నది రెండోది. పుస్తకం తెరిచి, ముందు ఏం జరిగిందో రాయమన్నాను. ముందు రాత్రి నిద్ర లేదు. పెళ్లికి తలంటుకుంటూ ప్యాచ్ తీసేసి, కొత్తది పెట్టుకోవడం మర్చిపోయారు. పాత స్నేహితులు అంతా ఒక్కచోట. మూడు కారణాలు, మూడూ మార్చగలిగినవే. ఆ సాయంత్రానికి తిరిగి దారిలోకి వచ్చారు. అంతకుముందు ఇలా జారితే తిరిగి లేవడానికి మళ్లీ మాల వచ్చేదాకా ఆగేవారు.

భార్యతో మాత్రం ఈ భాష కుదరలేదు. “ఆయన లేకపోతే అప్పులు ఎవరివి, ఆస్పత్రి ఖర్చు ఎవరిది?” అని ఆమె అడిగారు. ఆమె ప్రశ్న న్యాయమైనది. పని జరిగితే ఫలితం ఉంటుంది, అది ఇంట్లోవాళ్ల మీద పడుతుంది, అనాత్మ దాన్ని రద్దు చేయదు. ఆమె ముందు ‘నేను’ గురించిన మాటలు వద్దని, చేతల్లో కనిపించేవి మాత్రమే చూపించమని ఆయనకు చెప్పాను. నోటు బుక్కు ఆమె చూడవచ్చు. ప్యాకెట్లకు పోయే డబ్బు వారం వారం ఆమె చేతిలో పెడతారు. ఆమె నమ్మకం మెల్లగా వచ్చింది, పూర్తిగా వచ్చిందని చెప్పలేను.

తోటి వాళ్లకు

మాల, రంజాన్ ఉపవాసాలు, ఏదో ఒక మొక్కు. మన దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఏదో ఒక కాలంలో అలవాటును పూర్తిగా ఆపినవాళ్లే. ఆ కాలాన్ని భక్తి అని పక్కన పెట్టకుండా, అప్పుడు రోజు ఎలా గడిచిందో గంట గంటకూ అడగండి. చికిత్స సగం అక్కడే దొరుకుతుంది.

అయితే మందు ఎక్కువగా తాగేవాళ్లు మాల కోసం హఠాత్తుగా మానితే మూర్ఛలు, మతి చలించడం వంటివి రావచ్చు, ప్రాణం మీదకీ రావచ్చు. మాల వేసుకునే ముందే డాక్టర్‌ను కలవమని గట్టిగా చెప్పాలి. గుట్కాకు ఆ భయం లేదు.

అనాత్మ గురించిన మాటలు అందరితో వాడను. డిప్రెషన్‌లో అంతా శూన్యం అనిపిస్తున్న మనిషితో, తన శరీరం తనది కాదన్న భావన ఇప్పటికే బాధిస్తున్న మనిషితో వాటిని ఎత్తను. ఈయన దాన్ని తనే తెచ్చుకున్నారు కాబట్టి వాడాను. దగ్గరలో ఎవరూ లేని ఊళ్లవాళ్లకు పొగాకు ప్యాకెట్ల మీద ఉండే 1800 11 2356 నంబర్‌కు ఫోన్ చేయమంటాను, తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రస్తుతం

చివరిగా చూసినప్పటికి ఆరు నెలలు దాటాయి, గుట్కా లేదు. ప్యాచ్ క్రమంగా తగ్గించి ఆపేశారు. ఈసారి కూడా మాల వేసుకున్నారు. అయితే ప్లాన్ అంతా మాల తీసే రోజుకే వేసుకున్నాం: ఆ రోజు ఎవరితో తిరిగి రావాలి, పనిలోకి ఎప్పుడు వెళ్లాలి, ఫ్లాస్కు ఎవరు నింపాలి. బుగ్గలో తెల్ల మచ్చ తగ్గిందని పంటి డాక్టర్ రాశారు. కారం తగిలితే మంట తక్కువైంది. నోరు తెరుచుకోవడం మాత్రం పెద్దగా మారలేదు. ఫైబ్రోసిస్ మానినంత మాత్రాన వెనక్కి పోదు, దాని నుంచి క్యాన్సర్ వచ్చే ప్రమాదమూ మిగిలే ఉంటుంది. అందుకని నోటి వ్యాయామాలు, పంటి డాక్టర్ దగ్గర చెకప్‌లు కొనసాగుతున్నాయి. మా దగ్గరకు రావడం తగ్గించినా వాటిని ఆపకూడదని ఆయనకూ, ఇంట్లోవాళ్లకూ రాసి ఇచ్చాను.